కాస్టిక్ పుల్ల

డ్రెస్సింగ్ రూములో పై అరన, తలుపు చాటున,
గోధుమరంగు సీసాలో ఉంటుంది అది.
తెల్లన. కలకండ పలుకుల్లా మెరుపు.
సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టి
రబ్బరుబ్యాండు బిగించింది దేవదానం సారే.
"వెలుగు తగిలితే మొహం నల్లగా పెడతది,
కొత్తల్లుని లెక్క" అని నవ్వేవాడు.

పేరు సిల్వర్ నైట్రేట్.
వెండి నైట్రిక్ యాసిడ్‌లో మునిగి
తన మెరుపు మరిచిపోతే మిగిలేది.
ఇంతవరకు నేను పుస్తకంలో చదివాను.
తక్కినది సారు వేళ్ల మీద చదివాను:
గోళ్ల చుట్టూ నలుపు,
సబ్బుకు పోదు, నిమ్మచెక్కకు పోదు,
చర్మం తనంతట తాను రాలేదాకా ఆగాలి,
పది రోజులో పదిహేనో.
ముప్పై ఏళ్లు ఆయనకా వ్యవధే దొరకలేదు.

మామూలు నీళ్లు కలపకన్నాడు తొలిరోజే.
నమ్మలేదు నేను.
గ్లాసెడు మంజీరా నీళ్లలో ఒక్క చుక్క వేసి చూపించాడు.
తెల్లటి పొగ దిగినట్టు, పాలు విరిగినట్టు.
"నీళ్లల్ల ఉప్పుంది బిడ్డా. చెమటల ఉంది. కన్నీళ్లల్ల ఉంది.
ఉప్పు కనబడ్డ కాడ్నే దీని ఆట బంద్."

ఇంకా చెప్పాడు, టీ చల్లారిపోతున్నా:
దూది పక్కన పెట్టకు, స్పిరిట్ పక్కన అసలే వద్దు.
తాను కాలదు,
కాలేవాటికి ఊపిరి అందిస్తుంది.
కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు మరవకు.
అమ్మోనియా కలిపింది రాత్రికి దాచకు,
పొద్దున ఈగ వాలినా పేలొచ్చు.
ఈగ సంగతి నిజమో కాదో
పరీక్షించే ధైర్యం నాకిప్పటికీ లేదు.

ఒక శ్రావణంలో, వాన పడుతూనే ఉన్న మధ్యాహ్నం,
పత్తర్‌గట్టి వెనక సందులో వరఖ్ కొట్టే ఖుర్షీద్ భాయ్ వచ్చాడు.
చేతుల్లో ఇరవై రోజుల పాప.
బొడ్డు ఊడింది గాని ఆరలేదు,
మధ్యలో దానిమ్మ గింజంత ఎర్రటి కండ, తడితడిగా.
చుట్టూ వేజిలిన్ రాశాను, మంచి చర్మానికి గోడ కట్టినట్టు.
పుల్ల కొన తడిపి
ఆనించాను.
ఒకటి. రెండు.
ఎరుపు బూడిదరంగైంది.
పాప ఏడవలేదు, ఆ కండకు నొప్పి తెలియదు.
కేక పెట్టింది నాయనమ్మ.

"ఇందులో ఏముంది మేడమ్?"
"వెండి."
ఆయన కాసేపు మాట్లాడలేదు.
రోజంతా తోలు పుస్తకం మీద సుత్తితో
తను ఊపిరికి ఎగిరేంత పలచన చేసేది,
మిఠాయిల మీద అతికేది,
తన బిడ్డ బొడ్డులోకి ఇంకో దారిన వచ్చింది.
"మాది తింటారు," అన్నాడు చివరికి, "మీది కాలుస్తది."
ఒకటే ఇంటి అక్కాచెల్లెళ్ల గురించి చెప్పినట్టు.

వేజిలిన్ గోడకు ఎక్కడో సందుంది.
మర్నాటికి పాప పొట్ట మీద మినపగింజంత నల్లమచ్చ.
తిట్టడానికి వచ్చారనుకున్నా.
నాయనమ్మ మాత్రం మచ్చను వేలితో తడిమి
"దిష్టిచుక్క మీరే పెట్టేశారు,
కాటుకైతే నీళ్లకు పోతుండె" అంది.
నేను తప్పు ఒప్పుకోలేదు.
ఒప్పుకోవాల్సింది.

మొన్న ఓటుకు వెళ్లాను, మొగల్‌పురా బడికి.
సిరాబుడ్డి పట్టుకున్న కుర్రాడు
నా ఎడమచేతి చూపుడువేలు చూసి ఆగిపోయాడు.
గోరంతా నలుపు.
"ఒకసారి వేసి వచ్చిన్రా అమ్మా?"
తడిగుడ్డతో రుద్దాడు. పెద్దాఫీసర్‌ను పిలిచాడు.
వెనక వరస గొణిగింది.
ఆసుపత్రి కార్డు చూపించాను,
నీ బుడ్డీలో ఉన్నదీ నా గోటి మీదున్నదీ ఒకటే సరుకని చెప్పాను.
విననట్టే ఉన్నాడు.
ఆఫీసర్ తలూపాక, పాత నలుపు మీదే
ఊదారంగు గీత ఒకటి గీశాడు.

బయట ఎండ.
నయాపూల్ దగ్గర బస్సు కోసం నిలబడి
వేలు ఎండలో పెట్టి చూస్తున్నా,
కొత్త గీత పాతదానిలో కలిసిపోతోంది,
ఏది వార్డుదో ఏది ఓటుదో
నాకే తెలియకుండా.